కాగితం వెనకవైపు

ఫిబ్రవరి 3, 2026, మంగళవారం

పదమూడేళ్ళ తర్వాత మళ్ళీ ఒక ప్లీడరుగారి కాగితాల మధ్య కూర్చున్నాను. ప్లీడరుగారు పోయి రెండు వందల ముప్పై అయిదేళ్ళయింది, అదొక్కటే తేడా.

మేముండే షాంటిలీ నుంచి నలభై నిమిషాల డ్రైవ్. అక్కడి కౌంటీ, అంటే జిల్లా, చరిత్ర సంఘం వాళ్ళ పాత రాతి ఇల్లు. డైరెక్టర్ కారల్ ఒక అట్టపెట్టె నా ముందు పెట్టి, ఈ చేతిరాత మా వాలంటీర్లెవరికీ కొరుకుడు పడలేదు అంది. మొదటి పేజీ ఆగకుండా చదివి వినిపించాను. ఆవిడ కళ్ళజోడు తీసి నన్ను చూసింది. నరసరావుపేట కోర్టు రికార్డు రూములో చెదలు తిన్న రిజిస్టర్లు చదివిన కళ్ళివి. వకీలు రాత ఎక్కడైనా ఒకటే: తొందర, గర్వం, సగం మింగేసిన మాటలు.

ఈయన పేరు కర్నల్ ఆంబ్రోస్ థార్న్‌లీ. ఇంగ్లండు రాజు ఏలుబడిలో ఇక్కడి కోర్టులో వకీలు, మిలీషియాలో కర్నల్, విలియమ్స్‌బర్గ్ శాసనసభలో మెంబరు. ఒక్క మనిషికి మూడు టోపీలు. ఈ దేశానికి స్వాతంత్ర్యం వచ్చి రెండు వందల యాభై ఏళ్ళని జూలై నాలుగుకి ఎగ్జిబిషన్ పెడుతున్నారు. అందులో ఆయనే పెళ్ళికొడుకు. ఆయన రాతలు చదివి టైపు చేయడం నా పని. ఆగస్టు దాకా కాంట్రాక్టు, బాగా చేస్తే పర్మనెంట్ అంది కారల్.

వర్క్ పర్మిట్ రాక, హెచ్-ఫోర్ వీసా మీద ఇంట్లో కూర్చున్న ఏళ్ళన్నీ ఈ ఒక్క రోజుతో మర్చిపోయినట్టుంది. సంతోషంగా ఉంది. రాసుకుంటే ఎవరు కాదంటారు.

ఫిబ్రవరి 12

కర్నల్‌గారితో స్నేహం కుదిరింది. మిలీషియా అంటే సైన్యమేమీ కాదు, ఊళ్ళో రైతుల్నే పోగుచేసి చేయించే కవాతు. సగంమందికి తుపాకుల్లేవు, కర్రలు పట్టుకొచ్చారు అని విసుక్కుంటూ రాశాడు. కాప్టెన్లకు ఎవరు ముందు నడవాలన్న తగువు. ఎన్నికల రోజున ఓటరు అందరి ముందూ నిలబడి నా ఓటు ఫలానా వారికి అని గట్టిగా చెప్పాలి. ఆ ఫలానా వారు లేచి వంగి నమస్కరించాలి. ముందురోజు పీపాలకొద్దీ మందు. మా పల్నాడులో ఎవరికి చెప్పినా, ఇందులో వింతేముందమ్మా అంటారు.

పనిలో మాత్రం శుద్ధమైన మనిషి. ప్రతి కాగితాన్నీ నిలువుగా మూడు మడతలు పెట్టి, వెనకవైపు రాసుకున్నాడు: ఎవరిది, ఏ కేసు, ఏ తేదీన ముట్టింది. మా సీనియర్ కేశవరావుగారు నాకు మొదటిరోజు నేర్పిందీ ఇదే. "కాగితం చేతికి రాగానే వెనక రాయమ్మా. మనం మర్చిపోతాం, రాత మర్చిపోదు."

ఫిబ్రవరి 20

మా పాప ఆద్య పాస్‌పోర్ట్ రెన్యూవల్. బర్త్ సర్టిఫికెట్ కోసం మా ఆయన ఫణి నీలం ఫైలు దించబోయాడు. అందులో లేదు, నేను వెతికి ఇస్తానని చెప్పాను. అందులో నా చదువు కాగితాలు తప్ప ఏమీ లేవు.

మార్చి 5

కోర్టు ఆర్డర్ల పుస్తకం స్కాన్లు వచ్చాయి. కర్నల్ వాదించిన కేసులన్నీ ఏరుతున్నాను. 1768 మే 19. హానా అనే పనిమనిషి తన యజమాని కాప్టెన్ డోరన్ మీద వేసిన పిటిషన్. ఆమె తల్లి తెల్లది, తండ్రి నల్లవాడు. అప్పటి చట్టం ప్రకారం అలాంటి బిడ్డను చర్చి పెద్దలు ముప్పై ఒక్క ఏళ్ళ దాకా ఒకరి కింద పనికి కట్టేస్తారు. ఆ తర్వాత ఆమె ఎవరి మనిషీ కాదు. హానాకు ముప్పై రెండు వచ్చాయి. డోరన్ ఆమె తన ఇంటి బానిసకు పుట్టిన బానిస అన్నాడు. బీదది కనుక కోర్టే ఆమెకు వకీలును ఇచ్చింది. ఆ వకీలు మన కర్నల్.

ఆర్డరు ఒకటిన్నర లైను. "ఏ కాగితమూ హాజరుపరచనందున పిటిషన్ కొట్టివేయడమైనది."

ఈ వాక్యం నాకు తెలుసు. ఇవాళ ఇక రాయను.

మార్చి 6

వర్షం. ఆద్యని వయొలిన్ క్లాసులో దింపి కార్‌లో కూర్చున్నాను. రాయడానికేమీ లేదు.

జెరాక్స్ ఉండనే ఉంది.

మార్చి 17

నాలుగో పెట్టె అడుగున దొరికింది. చర్చి పెద్దలు హానాను పనికి కట్టిన ఒప్పందం, ఒరిజినల్. తల్లి పేరుంది, పుట్టిన తేదీ ఉంది, ఎన్నేళ్ళదాకా అన్నది అక్షరాల్లో ఉంది. కింద తల్లి పెట్టిన గీటు, ఇంటూ గుర్తులాగా. ఇదొక్కటీ బల్లమీద పెట్టి ఉంటే ఆమె ఆ మధ్యాహ్నమే కోర్టులోంచి తన కాళ్ళమీద తాను బయటికి నడిచేది.

కారల్‌ను పిలిచాను. ఆవిడ సంతోషానికి హద్దు లేదు. ఆరుగురు మనుషుల పేర్లున్న అరుదైన కాగితం, ఎగ్జిబిషన్ నడిమధ్య పెడదాం అంది. నేను వెనక్కి తిప్పి చూశాను. ఆయన చేతిరాతే. "హానా నుంచి ముట్టినది. 11 మార్చి 1768."

కోర్టుకు రెండు నెలల ముందు.

కారల్‌కు ఇది పాత కాగితం. నాకు అలా కాదు. క్లయింటు ఒరిజినల్ వకీలు సొంత పెట్టెలో దొరికిందంటే అర్థం ఒక్కటే, కోర్టుకు చూపకుండా దాచాడని. ఇది ప్లీడరు గుమాస్తాకు కూడా తెలుసు. కారల్‌కు నేనది చెప్పలేదు.

మార్చి 19

కారల్ లేబుల్ రాసింది. "ఒక నిరుపేద స్త్రీ కాగితాన్ని కర్నల్ థార్న్‌లీ జీవితాంతం పదిలంగా భద్రపరిచారు." ఎలా ఉంది అనడిగింది. బాగుంది అన్నాను.

లేబుళ్ళు నా పని కాదు. నా పని టైపు చేయడం.

మార్చి 20

కాప్టెన్ డోరన్ ఎవరో కనుక్కున్నాను. కర్నల్ కింద మిలీషియాలో కాప్టెన్. ఆ ఏడాది చివర జరిగిన ఎన్నికలో నిలబడి, కర్నల్‌కే నా ఓటు అని గట్టిగా చెప్పిన మొదటి మనిషి. కర్నల్ లేచి వంగి నమస్కరించి ఉంటాడు. కంచే చేను మేయడమంటే ఇదే. పెద్దమనిషి వేషం, వెండి గుండీల కోటు, పడుకునే ముందు ప్రార్థన. ఎంత నీచుడు, ఎంత నీచుడు.

రాసింది మళ్ళీ చదువుకున్నాను. నాకింత కోపం ఎవరిమీదో నాకు తెలియదా.

మార్చి 28, శనివారం

రాసేస్తాను. ఈ పుస్తకంలో కూడా రాసుకోకపోతే ఇంకెక్కడ రాస్తాను.

మా క్లయింటు కోటయ్యగారు. ఎకరం ఇరవై సెంట్ల మెట్ట. అన్నదమ్ములిద్దరూ ఎప్పుడో పంచుకుని, పెద్దల ముందు పారీఖత్తు, అంటే పంపకాల కాగితం, రాసుకున్నారు. రిజిస్టరు కాలేదు కానీ ఇద్దరి వేలిముద్రలూ ఉన్నాయి. అన్న పోయాక అన్న కొడుకులు పంపకమే జరగలేదని పొలం దున్నేశారు. కేశవరావుగారు దావా వేశారు, నేను జూనియర్ని. దావాతోపాటు జెరాక్స్ పెట్టాం. సాక్ష్యం రోజున మాత్రం ఒరిజినల్ చూపాలి. 2013 ఫిబ్రవరిలో ఆయన దాన్ని పైపంచెలో చుట్టి తెచ్చి నా చేతికిచ్చాడు. సాక్ష్యం తయారుచేద్దామని ఇంటికి తెచ్చుకున్నాను. మూడు వారాల్లో పెళ్ళి. మే నెలలో షాంటిలీ. పెట్టె విప్పితే నీలం ఫైలులో, లా డిగ్రీకీ బార్ కౌన్సిల్ సనదుకూ మధ్య ఆ పారీఖత్తు ఉంది.

ఆ వారమే ఫణి ఫ్రెండ్ ఒకాయన హైదరాబాద్ వెళ్తున్నాడు. ఇచ్చి పంపొచ్చు. కానీ కేశవరావుగారికి ఏమని చెప్పాలి. క్లయింటు ఒరిజినల్‌ని దేశం దాటించిందని బార్‌లో నలుగురూ అనుకుంటే? అత్తగారింట్లో కొత్త, అక్కడ తెలిస్తే? వచ్చే వారం అనుకున్నాను. జెరాక్స్ ఉండనే ఉంది అనుకున్నాను. జెరాక్స్‌తో పని జరగదని కోర్టు ముందు చెట్టుకింద టైపిస్టుకు కూడా తెలుసు.

దొంగకు తేలు కుట్టినట్టు పదమూడేళ్ళు గడిపాను. పేటలో ఎవరికీ ఫోన్ చేయలేదు. బిజీ అని చెప్పుకున్నాను, హెచ్-ఫోర్ మీద ఉన్నదానికి ఏం బిజీ.

ఏప్రిల్ 11, శనివారం

ఉదయమే చంద్రికకు ఫోన్ చేశాను. ఇద్దరం ఒకే ఏడు బార్‌లో చేరాం.

"ఏమే, బతికే ఉన్నావా," అంది.

కాసేపు పిల్లల కబుర్లయ్యాక, కోటయ్యగారి దావా ఏమైందని మామూలుగా అడిగినట్టు అడిగాను. అది మామూలుగా ఎందుకుంటుంది.

"2017లోనే కొట్టేశారుగా. జిల్లా కోర్టులో అప్పీలుంది, నేనే చూస్తున్నా. కేశవరావుగారు పోయాక ఆ ఫైళ్ళన్నీ నాకే వచ్చాయి."

"దేనిమీద కొట్టేశారు?"

"ఒరిజినల్ లేదుగా. జెరాక్స్ కల్పించిందన్నారు. క్రాస్‌లో అవతలి లాయర్ కాగితం ఏమైందయ్యా అంటే, నా చేతిలోనే పోయింది అన్నాడు ఈయన. ఆ ఒక్క ముక్కతో మునిగాడు. అట్లా ఎందుకు చెప్పావని సీనియర్‌గారు బయటికొచ్చి చెడామడా తిట్టారంట. అప్పుడేమన్నాడో తెలుసా? 'లాయరమ్మ పెళ్ళి చేసుకుని పోయింది. కొత్త కాపరం. ఆ పిల్ల పేరు కోర్టులో ఎత్తితే బాగుండదయ్యా' అన్నాడంట."

లేచి గది తలుపు దగ్గరికి వేశాను.

"ఉన్నావా లైన్‌లో? అడుగుదామంటే నీ నంబరు ఎవరి దగ్గరా లేదాయె. ఉమా, నీ దగ్గరేమన్నా ఉందా అది?"

"చూస్తాను," అన్నాను. చూడడానికేముంది.

"ఉంటే మాత్రం ఇప్పటికీ టైముంది. అప్పీల్లో అదనపు సాక్ష్యంగా పెట్టొచ్చు. కాకపోతే ఇన్నాళ్ళూ ఎవరి దగ్గరుందో వాళ్ళు అఫిడవిట్ వేయాలి. ఆయనకి డెబ్భై అయిదు దాటినయ్. మిర్చి కోల్డ్ స్టోరేజీ దగ్గర వాచ్‌మన్‌గా చేస్తున్నాడు. వాయిదాకి మాత్రం ఒక్కసారి తప్పడు."

ఫోన్ పెట్టి చాలాసేపు ఏడ్చాను. ఆద్య వచ్చి "అమ్మా, యూ ఓకే?" అంది. జలుబు అని చెప్పాను.

ఏప్రిల్ 25

ఫణికి చెప్పాను. కాస్ట్‌కో నుంచి సరుకులతో వచ్చి, ఇంటి ముందు కార్ పార్క్ చేశాక.

"పదమూడేళ్ళా," అన్నాడు. తర్వాత, "ఉమా, గ్రీన్ కార్డ్ ఫైల్ నడుస్తోంది. ఇప్పుడు అఫిడవిట్లు, కోర్టులు అవసరమా? పేరు లేకుండా కవర్‌లో పెట్టి పంపెయ్."

"పేరు లేని కాగితాన్ని కోర్టు నమ్మదు. ఎక్కడినుంచి వచ్చిందో ఎవరో ఒకరు చెప్పాలి."

"చెప్తే నీకేమవుతుంది?"

"బార్ కౌన్సిల్ సనదు తీసేయొచ్చు."

"అది ఇక్కడ ఎందుకూ పనికిరాదు కదా."

"ఈ ఇంట్లో నా పేరుతో నేను సంపాదించుకున్నది అదొక్కటే ఫణీ."

అతను సరుకులు లోపలికి మోసుకెళ్ళాడు. నేను డిక్కీ మూసి వెనకే వెళ్ళాను.

మే 2

నీలం ఫైలు దించాను. కాగితం బాగానే ఉంది. రెండు వేలిముద్రలు, ఒకటి కాస్త చెరిగింది.

వెనక్కి తిప్పాను. అక్కడ పెన్సిల్‌తో, నా గుండ్రటి రాతలో:

"కోటయ్యగారి నుంచి ముట్టినది. 14-2-2013. ఉ.మ."

రాసినట్టు జ్ఞాపకమే లేదు. కర్నల్ అంత తెలివిగలవాడు తన నేరానికి తనే సాక్ష్యం ఎందుకు రాసి పెట్టుకున్నాడా అని నెలన్నరగా ఆలోచిస్తున్నాను. ఇప్పుడు తెలిసింది. కాగితం చేతికొచ్చిన రోజున అతను దొంగ కాదు. నాలాగే మంచి జూనియరు. ఆ తర్వాతే ఏ రోజుకా రోజు ఇవాళ కాదులే అనుకుని ఉంటాడు.

మే 5, మంగళవారం

కారల్‌కు చెప్పాను, సగం. తేదీలు చూపించాను. ఆవిడ ముఖం పాలిపోయింది. కర్నల్ వంశంవాళ్ళు సంఘం బోర్డులో ఉన్నారు. అప్పుడు నా నోటినుంచే వచ్చింది: పొరపాటున ఆయన దగ్గర ఉండిపోయి ఉండొచ్చు. ఆవిడ ఆ మాటను రెండు చేతులా అందుకుంది. లేబుల్ మారింది. "పొరపాటున కర్నల్ కాగితాల్లో ఉండిపోయిన ఒప్పందం." అందరికీ బాగుంది, హానాకు తప్ప. ఆమె సంగతి వెతికాను. 1771లో డోరన్ ఇంటి మనుషుల పట్టికలో పేరు ఒక్కసారి కనిపించింది. తర్వాత ఎక్కడా లేదు.

మే 30

పారీఖత్తు నా దగ్గరే ఉందని చెప్పాక చంద్రిక అఫిడవిట్ డ్రాఫ్ట్ పంపింది. మూడో పేరా: "సదరు పత్రము పెళ్ళి హడావుడిలో పొరపాటున నా సామానులో కలిసిపోయి, ఇటీవలే నా దృష్టికి వచ్చినది." చక్కగా రాసింది. ఇలా రాస్తే నాకేమీ కాదు. కోటయ్యగారికీ పని జరుగుతుంది. ఎవరికీ నష్టం లేదు.

ఎవరికీ నష్టం లేదు.

జూన్ 13, శనివారం

చంద్రిక ఆఫీసునుంచి వీడియో కాల్. కోటయ్యగారు పక్కన కూర్చున్నాడు. బాగా వంగిపోయాడు. పైపంచె అదే తీరుగా మెడచుట్టూ వేసుకున్నాడు. ఆయన ముఖం చూడలేక ముందు కాగితాన్ని కెమెరాకు చూపించాను.

"మడతల కాడ చిరగలేదు గదమ్మా?"

"లేదండీ."

"మా అన్న ఏలిముద్ర కనపడతందా?"

"కనపడుతోందండీ."

ఆయన చాలాసేపు చూశాడు. తెరమీద వేలుపెట్టి అన్నగారి ముద్ర ఎక్కడుందో చంద్రికకు చూపించాడు. తర్వాత అన్నాడు, "నాకు తెలుసు లాయరమ్మగారూ, అది మీ కాడే ఉంటదని. మీరు పారేసే మనిషి కాదు. పెళ్ళి హడావుడిలో కలిసిపోయుంటది. కంటపడిన్నాడు ఆమే పంపుద్దిలే అని మా ఆడదానితో అంటా ఉండేవాణ్ణి. అది పోయిన ఏడు కాలం చేసింది."

కంటపడిననాడు.

ఆయనే, "పిల్లలెంతమందమ్మా," అని అడిగి, ఒక్క పాపేనంటే, చల్లగా ఉండాలి అన్నాడు.

జూన్ 14

మూడో పేరా కొట్టేసి నేనే రాశాను. "2013 మే నెలలో సదరు పత్రము నా కంటపడినది. అది ఎవరిదో, దేనికి కావాలో నాకు తెలుసు. భయపడి, తెలిసే, నా వద్ద ఉంచుకున్నాను. పత్రము తన చేతిలో పోయినదని కోటయ్యగారు చెప్పినది నన్ను కాపాడుటకే."

చంద్రిక ఫోన్ చేసి అరిచింది. "పిచ్చా నీకు? బార్ కౌన్సిల్ దాకా పోతుంది. పొరపాటు అన్న మాటతో పోయేదానికి ఇదేమిటి?"

"ఆయన ప్రమాణం చేసి అబద్ధం ఆడాడని అవతలివాళ్ళు పట్టుకుంటారు. ఎందుకాడాడో నేను చెప్పకపోతే ఇంకెవరు చెప్తారే?"

"సరే, సంతకం పేజీపేజీకీ పెట్టు," అంది.

జూన్ 16, మంగళవారం

కారల్ గదిలోకి వెళ్ళి తలుపు వేశాను. లేబుల్లో 'పొరపాటున' అన్న మాట నేనిచ్చింది, తప్పు, తీసేయండి అన్నాను. అంత ఖాయంగా ఎలా చెప్పగలవు అంది. నేను కూడా ఒక క్లయింటు కాగితం పదమూడేళ్ళు దాచుకున్నాను, ఎలా జరుగుతుందో నాకు తెలుసు అన్నాను. కారల్ మంచినీళ్ళ గ్లాసు నా ముందుకు జరిపింది.

కొత్త లేబుల్ ఇద్దరం కలిసి రాశాం. మూడు లైన్లు. కాగితం కర్నల్‌కు ముట్టిన తేదీ. కాగితం లేదని కోర్టు పిటిషన్ కొట్టేసిన తేదీ. కాగితం ఆయన పెట్టెలో దొరికిన తేదీ. ఒక్క విశేషణం లేదు. రెండువైపులా అద్దమున్న చట్రంలో పెడుతున్నారు, చూసేవాళ్ళు వెనకవైపుకు నడిచి వెళ్ళి ఆయన రాత చదవాలి. బోర్డుతో తను మాట్లాడుకుంటానంది. ఆగస్టు తర్వాత నాకు పని ఉంటుందో లేదో ఆవిడ చెప్పలేదు, నేనడగలేదు.

జూన్ 22

నోటరీ అయింది. ఇండియన్ కాన్సులేట్‌లో అటెస్టేషన్‌కు ఫణి లీవ్ పెట్టి వచ్చాడు. క్యూలో నిలబడి అఫిడవిట్ మొత్తం చదివాడు. పేజీలు సరిచేసి తిరిగి ఇస్తూ, "సనదు పోతే మళ్ళీ సంపాదించుకోవచ్చా?" అన్నాడు. పోయాక చూద్దాం అన్నాను.

జూన్ 29, సోమవారం

రెండు గట్టి అట్టల మధ్య పారీఖత్తు పెట్టి, మడత పడకుండా ఫణి ప్యాక్ చేశాడు. కొరియర్ ఆఫీసుకు నేనొక్కదాన్నే వెళ్ళాను. ఎగ్జిబిషన్ శుక్రవారం మొదలు. కోటయ్యగారి వాయిదా ఆగస్టు ఆరు. గెలుస్తాడో లేదో తెలియదు. పదమూడేళ్ళ పంట, ఆయన ఇల్లాలు, ఇవి ఏ కోర్టూ తిరిగి ఇప్పించదు. హానాకు ఇక ఎవరూ ఏమీ పంపలేరు. కోటయ్యగారు మాత్రం బతికున్నాడు, వాయిదాకు వస్తాడు.

అట్ట మూసే ముందు కాగితం వెనక, నా పాత రాత కింద, ఇంకో లైను రాయాలని చెయ్యి లాగింది. కోర్టుకు పోయే కాగితం మీద కొత్తగా ఏమీ రాయకూడదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

కోటయ్యగారికి తిరిగి పంపడమైనది. 29-6-2026. ఉ.మ.